తప్పు పట్టడానికేం లేదు, అయినా చెయ్యి పోవట్లేదు: ఈ టిప్పర్ రోబోకు రివ్యూ ఎట్లా రాయాలి?

కాంటా అన్న, మిర్యాలగూడ

అందరికీ నమస్తే. మారే రోబో బొమ్మల మీద నేను రాసేవి మీలో కొందరు చదివే ఉంటారు. ఈసారి రెండు వాక్యాలు రాసి ఆగిపోయాను, అందుకే అడుగుతున్నా.

బొమ్మ ఏంటంటే, పసుపు రంగు టిప్పర్ లారీ, మారిస్తే రోబో. వాయేజర్ సైజు, అంటే నిలబెడితే సుమారు ఏడు అంగుళాలు. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు. రాస్తే వాళ్లంటే పడిచచ్చేవాళ్లు, అస్సలు పడనివాళ్లు చేరి అసలు సంగతి పక్కకు పోతుంది. ధర నాలుగు వేలు దాటింది.

చేతిలోకి తీసుకోగానే బాగుందనే అంటారు ఎవరైనా. బరువుంది. అంచులు ఎక్కడా వేలికి గీరుకోవు. క్యాబిన్ తలుపు గీత, ముందు జాలీ, డ్రైవర్ ఎక్కే మెట్టు కూడా అచ్చులోనే తెచ్చారు. రంగు గీత దాటలేదు. భుజం తిప్పితే టక్ టక్ మని పళ్లు పడతాయి, ఎక్కడ వదిలితే అక్కడే ఆగుతుంది. రోబోగా నిలబెట్టి బల్ల ఊపినా పడదు. ఇంత బాగా చేసిన బొమ్మను ఒకసారి మార్చి చూశాక రెండోసారి మార్చాలనిపించలేదు. అదే నా సమస్య.

నా పని రైస్ మిల్లులో కాంటా దగ్గర. కోతల టైములో వడ్ల లారీలు, ట్రాక్టర్లు వరసగా నిలబడతాయి. తూకం చీటీ చేతికొచ్చేదాకా డ్రైవర్లంతా నా బల్ల చుట్టే. బల్ల మీద బొమ్మ ఉంటే తీసి తిప్పకుండా ఎవరూ ఉండరు. నా రివ్యూల్లో సగం అసలు వాళ్ల మాటలే అనుకోండి. ఈ టిప్పర్‌ని కూడా లారీగా ఉంచి అక్కడ పెట్టాను. మా బాయిలర్ బూడిద ఎత్తుకుపోయే టిప్పర్ డ్రైవర్ ఒకాయన దాన్ని తీసుకుని, వెనక డబ్బా కింద వేలు పెట్టి లేపబోయాడు. లేవలేదు. తిరగేసి కింద చూశాడు.

"డబ్బా లేవదా?"

"లేవదన్నా, లోపల కాళ్లు మడిచి ఉంటయి."

"డబ్బా లేవకుంటే టిప్పర్ ఎట్లయితది? ఉత్త లారీ అను."

పెట్టేసి చీటీ తీసుకుని పోయాడు. అది రోబో అవుతుందని చూపించే టైం కూడా ఇవ్వలేదు.

ఆయన మాట నిజమే. కానీ అదొక్కటే లోపమైతే రాసేసి ఊరుకునేవాణ్ణి. మార్చే పద్ధతి కూడా వినండి. డబ్బా మొత్తం పైకప్పులా లేచి వీపు మీదికి పోతుంది, అక్కడే వేలాడుతుంది. క్యాబిన్ పలకలుగా చీలి అదీ వీపుకే చేరుతుంది. లోపల రోబో ముందే తయారై, కాళ్లు మడుచుకుని పడుకుని ఉంటుంది. లేపి నిలబెట్టడమే మన పని. ఛాతీ మీద లారీ అద్దం కనిపిస్తుంది చూడండి, అది లారీ అద్దం కాదు, విడిగా పెట్టిన ఇంకో ముక్క. అసలు అద్దం వీపు వెనక, డబ్బా చాటున దాక్కుని ఉంటుంది. ఇది తెలిశాక నాకు మరీ చప్పబడిపోయింది.

ఇప్పుడు దీనికి పదికి తొమ్మిది ఇస్తే నా మాట నమ్మినవాళ్లు కొనేస్తారు. ఐదు ఇస్తే "తప్పెక్కడుందో చూపించు" అంటారు. చూపించడానికి నా దగ్గర విరిగిన ముక్క లేదు, వదులైన కీలు లేదు. మీరైతే ఏం రాస్తారు?


గడియారం సెంటర్, నల్గొండ

అన్నా, నువ్వు ఎక్కువ ఆలోచిస్తున్నవ్. ఇది రేటు సంగతి, అంతే. 2020 ఫిబ్రవరిలో బయటి నుంచి వచ్చే బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 20 శాతం నుంచి 60కి పెంచారు. 2023 బడ్జెట్‌లో 70 చేశారు. దాని మీద 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. ఇన్ని దాటుకుని షాపుకు వచ్చేసరికి మామూలు బొమ్మ కూడా బంగారం రేటు పలుకుతుంది. నాలుగు వేలు పెట్టినప్పుడు మనసు నాలుగు వేల సంబరం అడుగుతుంది. ఇదే పదిహేను వందలకు దొరికితే నువ్వు ఈ ప్రశ్నే అడగవు. "బాగుంది, రేటు ఎక్కువ" అని రాసి పడేయ్.


కాంటా అన్న, మిర్యాలగూడ

తమ్ముడూ, సుంకం లెక్క ఒప్పుకుంటా. కానీ రేటు తగ్గినా అడిగేవాణ్ణే. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో అమ్ముతారు చూడు, బ్యాటరీ రోబో కారు, కొన్ని వందల్లోనే వస్తుంది. కొంచెం దూరం ఉరికి ఆగుతుంది, తనంతట తనే లేచి నిలబడుతుంది, లైట్లు, చెవులు పగిలే పాట. ప్లాస్టిక్ అంచు కోసుకుపోయేటట్టు ఉంటుంది. అదొకటి తెచ్చి మిల్లులో వదిలితే హమాలీలు బస్తా దించి మరీ చూశారు, నవ్వారు. ఆ తర్వాత దాన్ని అడిగినవాడు లేడు. అంతా మోటారే చేస్తుంది, మన చేతికి పనే లేదు. చవకదీ విసుగొచ్చింది, ఖరీదుదీ విసుగొచ్చింది. కాబట్టి రేటు ఒక్కటే చూస్తే నాకు జవాబు దొరకట్లేదు.


ఫిట్టర్ మాస్టారు, మహబూబ్‌నగర్

నేను ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చెప్పినవాణ్ణి, ఇప్పుడు రిటైర్డ్. ఈ బొమ్మల పిచ్చి మనవడి వల్ల అంటుకుంది, వాడికి పోయింది, నాకు మిగిలింది.

కాంటా అన్న గారూ, మీరు రాసిన గుణాలన్నీ మళ్లీ చదవండి. బరువు, అంచు, రంగు, కీలు బిగువు. ఇవన్నీ బొమ్మ ఆగి ఉన్నప్పటి గుణాలు. లారీగా ఎలా ఉంది, రోబోగా ఎలా ఉంది అనే రాశారు. డబ్బు పెట్టింది ఆ రెంటికీ మధ్య జరిగే పనికి కదా. అక్కడ ఏం జరిగిందో "పలకలు వీపుకు పోయాయి" అని ఒక్క ముక్కలో అయిపోయింది. రాయడానికే అక్కడ ఏం లేదంటే లోపం అక్కడే ఉందన్నమాట.

అమెరికాలోని హాస్‌బ్రో కంపెనీ 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్ అనే మారే రోబో బొమ్మలు మొదలుపెట్టినప్పుడు వాటిని సొంతంగా రూపొందించలేదు. జపాన్‌లో టకారా కంపెనీ వాళ్ల డయాక్లోన్, మైక్రోచేంజ్ అనే బొమ్మల వరసల్లోంచి తెచ్చుకుంది. అందులో ఎర్ర లారీ నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్. ఆ పాత బొమ్మను ఇవాళ్టి లెక్కల్లో చూస్తే దేనికీ సరిపోదు. పిడికిళ్లు విడి ముక్కలు, రెండో రోజుకే మంచం కింద పోతాయి. భంగిమలు పెద్దగా కుదరవు. కానీ లారీ ముందు అద్దాలే ఛాతీ, కింది జాలీయే పొట్ట. ఏది ఏమైందో చూసేవాడి కంటికి దొరుకుతుంది. చూసినవాడు "ఓహో" అనేది అక్కడ.

మీ టిప్పర్‌లో మారింది ఏమీ లేదు. పీర్ల పండగకు పులివేషం కట్టిన మనిషి తోలు విప్పి భుజాన వేసుకున్నట్టు, లారీ అనేది రోబో వేసుకున్న వేషం.

డిజైన్ చేసినవాళ్లకు చేతకాక ఇలా చేశారని మాత్రం అనుకోవద్దు. కొనేవాళ్లే అడిగారు. రోబో కార్టూన్‌లో ఉన్నట్టే ఉండాలి, మోచెయ్యి, నడుము, చీలమండ అన్నీ వంగాలి, లారీ అసలు లారీలా ఉండాలి, ఎక్కడా సందు కనపడకూడదు. ప్రతి కీలుకూ లోపల కొంత చోటు కావాలి. అద్దం ఛాతీ మీద కార్టూన్ కొలతకు రావాలంటే లారీ కొలత చెడుతుంది, లారీ కొలత నిలబెడితే ఛాతీ చెడుతుంది. రెండూ కావాలంటే రెండు అద్దాలు పెట్టి ఒకటి దాచెయ్యడమే సులువు దారి. బయటి పలకలు పలచగా చేసి వీపు మీద మడిచేస్తే గొడవ ఉండదు. రెండు కొసలూ చక్కబడ్డాయి, నడుమ ఉన్నది ఖాళీ అయింది.

బిగువు గురించి ఒక మాట. టక్ టక్ మనే రాట్చెట్ కీలు నాణ్యతకు గుర్తని అందరూ అనుకుంటారు. పన్నుకూ పన్నుకూ మధ్య ఎంత ఎడం ఉంటే కాలు అంతంత దూరంలోనే ఆగుతుంది, నడుమ ఆగదు. అప్పుడు పాదం నేల మీద పూర్తిగా ఆనదు, చీలమండ పక్కకు వంగి సర్దుకోవాలి. ఇంకోటి, తుంటికి గట్టి రాట్చెట్ పెట్టి మోకాలికి మామూలు రాపిడి కీలు పెడితే, తుంటి తిప్పబోతే మోకాలు తిరుగుతుంది. ఒక్కో కీలు విడిగా చూస్తే బ్రహ్మాండం, కలిపి వాడితే చిరాకు. మీ దాంట్లో ఉందో లేదో చూడండి.

సంబరం ఎక్కడ పుడుతుందో నాకు తోచింది చెప్తాను. చెయ్యి పెట్టిన శ్రమ కంటే ఎక్కువ తిరిగి రావాలి. అదే 1984లో సౌండ్‌వేవ్ వచ్చింది, చిన్న టేప్ రికార్డర్ రోబో. మీట నొక్కితే ఛాతీ తలుపు స్ప్రింగు మీద తెరుచుకుంటుంది, లోపల క్యాసెట్టు, ఆ క్యాసెట్టు మళ్లీ పక్షో మృగమో అవుతుంది. ఇంట్లో టేప్ రికార్డర్ మీట నొక్కిన తరానికి వేరే చెప్పక్కర్లేదు. 2007లో వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్స్ సినిమా బొమ్మల్లో ఆటోమార్ఫ్ అని పేరు పెట్టి, ఒక భాగం కదిపితే లోపలి పళ్ల చక్రాలతో ఇంకో భాగం తనంతట కదిలేలా చేశారు. ఒక కదలిక, రెండు ఫలితాలు. జాతర బొమ్మలో చెయ్యికి పనే లేదు, మీ టిప్పర్‌లో పని మొత్తం చెయ్యిదే.

మీ టిప్పర్‌లో అలాంటి చోటు ఒక్కటైనా ఉందా? ఉంటే ఎక్కడ?


వనపర్తి అమ్మ

నాకు మీ అంత తెలియదు, కానీ మా బాబు దగ్గర ఇలాంటి పలకల కారు ఒకటి ఉంది. అందరూ కారును రోబో చేసి చూపిస్తారు. దాన్ని మళ్లీ కారు చేసేటప్పుడు మా ఇంటికి రండి. బానెట్టు నొక్కితే తలుపు లేస్తుంది, తలుపు నొక్కితే వెనక అద్దం లేస్తుంది, మూడూ పట్టుకుని నాలుగోది నొక్కాలి, చిన్న వేళ్లకు అది కాదు. రోజూ సాయంత్రం పప్పు తాలింపు వేసే టైముకే తెచ్చి "అమ్మా, మూసివ్వు" అంటాడు. నేను చేతులు కడుక్కుని మూసిస్తే ఇంకోవైపు లేస్తుంది. ఎలా మార్చాలో చూపే కాగితంలో బొమ్మలు గింజంత ఉంటాయి, బాణం గుర్తు ఏ పలక మీదో కూడా తెలియదు. ఇప్పుడు వాడు దాన్ని రోబోగానే ఉంచేశాడు. కారు అయ్యేదని మర్చిపోయినట్టున్నాడు.

మీరు వెనక్కి మార్చడం గురించి రాయండి అన్నా. రివ్యూలు ఎవరూ రాయరు అది.


కాంటా అన్న, మిర్యాలగూడ

చెల్లెమ్మా, మంచి మాట చెప్పావు. మాస్టారూ, మీ ప్రశ్నకు జవాబు వెతకడానికి రాత్రి డ్యూటీలో మళ్లీ తీశాను.

ముందు వెనక్కి మార్చడం. చెల్లెమ్మ చెప్పినంత కష్టం లేదు, పలకలను పట్టించే పెగ్గులు, అంటే చిన్న బుడిపెలు, గట్టిగా పడతాయి. కానీ రెండు కాళ్లు డబ్బా కింద సరిగ్గా ఒకదానికొకటి ఆనకపోతే డబ్బా వెనక మూల వెంట్రుక మందం లేచే ఉంటుంది. నొక్కితే క్యాబిన్ ముందుకు జరుగుతుంది. మొత్తం విప్పి మళ్లీ కాళ్ల నుంచి మొదలుపెట్టాలి. ఎక్కడ తప్పిందో చివరిదాకా చెప్పదు, అదే దీనితో బాధ.

తుంటి, మోకాలు సంగతి మీరు చూసినట్టే చెప్పారు. తుంటి తిప్పబోతే మోకాలే తిరుగుతుంది. మోకాలు చేత్తో పట్టుకుని తుంటి తిప్పాలి.

ఇక ఒక కదలికకు రెండు ఫలితాలు. ఉంది మాస్టారూ! ఒక్కటే ఉంది. నడుము సగం చుట్టు తిప్పితే లోపల ఏదో పట్టుకుని తల దానంతటదే భుజాల మధ్య నుంచి పైకి లేస్తుంది. చాలా నున్నగా, ఎక్కడా తట్టుకోకుండా. మొదటిసారి మార్చినప్పుడు నేనది గమనించనే లేదు. ఎందుకో చూస్తే, నడుము తిప్పేటప్పటికి డబ్బా వీపు మీదికి వచ్చి మనవైపు అడ్డంగా ఉంటుంది, రోబో ముఖం అవతలికి ఉంటుంది. బొమ్మ మొత్తంలో ఉన్న ఒక్క మంచి తమాషా డబ్బా చాటున జరిగిపోతుంది. కాగితంలో ఆ మెట్టు దగ్గర నడుముకు మాత్రమే బాణం వేశారు, తల గురించి ఏమీ లేదు. చేసినవాడు కష్టపడి చేశాడు, వరస రాసినవాడు దాన్ని కప్పేశాడు.

డబ్బాను ముందే వెనక్కి మడవకుండా పక్కకు వేలాడనిచ్చి, ముఖం మనవైపు పెట్టుకుని నడుము తిప్పితే తల లేవడం కనిపిస్తుంది. ఆ పద్ధతిలో ఇవాళ ఒక ట్రాక్టరతనికి చూపించాను. "ఏదీ, మళ్లా తిప్పు" అన్నాడు. ఈ బొమ్మకు ఆ మాట రావడం ఇదే మొదలు.


షెల్ఫ్ రాజా, సూర్యాపేట

ఇంత చర్చ దేనికో అర్థం కాలేదు. నేను ఏ బొమ్మనైనా ఒకసారి మారుస్తా, రోబోగా అద్దాల బీరువాలో పెడతా. నాకు కావాల్సింది కీలు జారకుండా ఏళ్ల తరబడి నిలబడటం. మీరు పొగిడే పాత బొమ్మలను చూస్తే తెలుస్తుంది, మెరుపు కలిపిన బంగారు రంగు ప్లాస్టిక్ ఉన్నవైతే పెట్టినచోటే పెళుసెక్కి ముట్టుకుంటే పొడి అవుతాయి. ఈ టిప్పర్ అలా కాదు కదా. ముందు నుంచి చూస్తే వీపు మీది డబ్బా ఎవడికి కనిపిస్తుంది? నా లెక్కలో పదికి తొమ్మిది. చీటీ కోసం నిలబడ్డ లారీ డ్రైవర్‌కు నచ్చకపోతే అది బొమ్మ తప్పా?


కాంటా అన్న, మిర్యాలగూడ

రాజా గారూ, మీ బీరువాకు అది తొమ్మిదే, కాదనను. కానీ ఒకసారే మార్చి పెట్టేటట్టయితే మారని బొమ్మే కొనుక్కోవచ్చు కదా. వీపు మీద మూట ఉండదు, ఆకారం ఇంకా బాగుంటుంది. మారే బొమ్మలో మారడానికి పెట్టిన కీళ్లకూ మనం డబ్బు కడుతున్నాం. వాటిని వాడాలనిపించకపోతే ఆ డబ్బు పోయినట్టే. డ్రైవర్ మాట తప్పో ఒప్పో నాకు తెలుసు, రోజూ పదిసార్లు డబ్బా లేపేవాడు ఆయన.

ఇదిగో, రాసింది పెడుతున్నా. మాస్టారు గారు ఒకసారి చూడండి.

"లారీగా నిండుగా ఉంది, అచ్చు పని శుభ్రం. డబ్బా లేవదు. టిప్పర్ అనుకుని కొంటే పిల్లలు మొదట అడిగేది అదే, ముందే చెప్పి ఇవ్వండి. రోబోగా గట్టిగా నిలబడుతుంది, వెనక మూట ఉంది, ఛాతీ అద్దం అసలుది కాదు. మారేటప్పుడు ఎక్కువ భాగం పలకలు వీపుకు మడవడమే. ఒక్క చోట మాత్రం మంచి పని ఉంది: నడుము తిప్పితే తల తనంతట లేస్తుంది. కాగితంలో ఇచ్చిన వరస పాటించకండి, డబ్బా చివరికి మడవండి, అప్పుడే అది కంటికి కనిపిస్తుంది. వెనక్కి మార్చేటప్పుడు ముందుగా కాళ్లు రెండూ పూర్తిగా ఆనాయో లేదో చూసుకోండి. తుంటి తిప్పేటప్పుడు మోకాలు పట్టుకోండి. క్యాబిన్ పైకప్పు పారదర్శక ప్లాస్టిక్ మీద రంగేసింది, కీలు దగ్గర తెల్ల గీత పడితే బలం పెట్టొద్దు, విరుగుతుంది. బీరువాలో పెట్టేవాళ్లకు తొమ్మిది. చేత్తో ఆడేవాళ్లకు ఐదు, ఆ తల కోసం ఇంకొకటి కలిపి ఆరు."


ఫిట్టర్ మాస్టారు, మహబూబ్‌నగర్

బాగుంది. పైకప్పు మాట మొదట్లోకి తెండి, కొన్నవాడు ముందు విరగ్గొట్టేది అదే. మోకాలి కీలు స్క్రూతో ఉంటే పావు చుట్టు బిగించి చూడండి, తుంటికి సమానంగా వస్తే చేత్తో పట్టుకోవాల్సిన పని తప్పుతుంది. పిన్ను కొట్టి ఉంటే మాత్రం జోలికి పోవద్దు.


కాంటా అన్న, మిర్యాలగూడ

స్క్రూనే మాస్టారూ. మిల్లు ఎలక్ట్రీషియన్ దగ్గర చిన్న స్క్రూడ్రైవర్ ఉంది, అడుగుతా. పైకప్పు వాక్యం పైకి తెచ్చి రేపు పెడతాను.